చప్పట్ల ఉచ్చు

జూలై 28, సోమవారం

కోపం వచ్చినప్పుడు నోరు తెరవకు, నోటుబుక్కు తెరువు అని బీపీ చూసే డాక్టరమ్మ చెప్పింది. మా ప్రెస్సులో నిరుడు మిగిలిపోయిన శాంపిల్ డైరీ ఒకటి ఉంటే తెచ్చుకున్నాను. తేదీలు పాతవి, కొట్టేసి కొత్తవి వేస్తున్నాను. ఇవ్వాళ కోపం వచ్చింది కాబట్టి ఇవ్వాళే మొదలు.

ఛత్తాబజారు ప్రెస్సులో పని ముగించుకుని, ధూల్‌పేట వినాయకుల లారీల మధ్య నుంచి దూరుకుంటూ ఆరింటికి పురానాపూల్ చేరాను. పాల వ్యాపారుల సంఘం మెట్లెక్కితే పైగది తలుపు మీద నోటీసు. సెప్టెంబరు ఒకటి నుంచి పైఅంతస్తు ఏసీ పార్టీ హాలు అవుతుందట. బర్త్‌డేలకు, ఎంగేజ్‌మెంట్లకు సంప్రదించండి అని కింద సెక్రటరీ వైకుంఠం ఫోన్ నంబరు. మా ప్రెస్సులో వేయించలేదు, అందుకే రెండు అక్షర దోషాలు ఉన్నాయి.

పద్దెనిమిదేళ్లుగా అది చదువుల గది. మూడు పొడుగు బల్లలు, నాలుగు అల్మారాలు, ఒక ఫ్యాను బాగా, ఒక ఫ్యాను దాని ఇష్టం వచ్చినట్టు. ఆరు నుంచి తొమ్మిది దాకా తాళంచెవి నా కొంగుకే ఉంటుంది. జీతం ఎవరూ ఇవ్వలేదు, నేనూ అడగలేదు. ఇప్పుడు ముప్పై నలుగురు ఆడపిల్లలు వస్తున్నారు. అందరూ ఇక్కడి పాలవాళ్ల ఇళ్ల పిల్లలే. ఇంట్లో రెండు గదులు, ఏడుగురు మనుషులు, పొద్దస్తమానం మోగే టీవీ. ఈ గది పోతే వాళ్లు బర్రెల కొట్టంలో కూర్చుని బ్యాంకు పరీక్షలకు చదవాలా?

ప్రెసిడెంటు రామ్‌చందర్ మొహం మండ. ఈ మాట ఇక్కడ రాస్తే తప్పు లేదు, డాక్టరమ్మే రాయమంది.

జూలై 29

ఎవరితోనూ మాట్లాడలేదు. బీపీ నూట అరవై.

జూలై 30, బుధవారం

పిల్లలకు నోటీసు సంగతి తెలిసిపోయింది. ఎవరూ అడగలేదు. అడగకపోవడమే నాకు ఎక్కువ బాధనిపించింది.

ఆశ్రితకు అక్టోబరులో బ్యాంకు పరీక్ష. వాళ్ల నాన్న బండి మీద డబ్బాలు కట్టుకుని ఇంటింటికీ పాలు పోస్తాడు. ఇంగ్లీషు మాటల జాబితా ఒకటి పెట్టుకుని రోజుకు పది చొప్పున నా ప్రాణం తీస్తుంది. మాటకు అర్థం చెబితే చాలదు దానికి, ఆ మాట ఎక్కడ పుట్టిందో కూడా చెప్పాలి. అట్లా చెబితేనే గుర్తుంటుందట. ఇవ్వాళ తగిలిన మాట 'క్లాప్‌ట్రాప్'. మా అట్టలూడిన పెద్ద డిక్షనరీ దించి ఇద్దరం చూశాం.

ఉత్త ఆర్భాటపు మాటలు, లోపల ఏమీ లేని మాటలు అని అర్థం. పుట్టింది నాటకాల వాళ్ల దగ్గర. మూడు వందల ఏళ్ల కిందట ఇంగ్లండులో నాటకాలు రాసేవాళ్లు, వేషగాడు లోపలికి వెళ్లిపోయే ముందు గొంతెత్తి చెప్పడానికి ఒక డైలాగు పెట్టేవారట. కథకు దానితో పని ఉండదు. జనం చేత చప్పట్లు కొట్టించడమే దాని పని. చప్పట్లను పట్టే ఉచ్చు. ఆ తర్వాత నాటకం పోయి, ఆ మాట ఊళ్లోని పెద్దమనుషుల ఉపన్యాసాలకు అంటుకుంది. చప్పట్ల మోత వినిపించడానికి వాడే ఒక చెక్క సాధనాన్ని కూడా అదే పేరుతో పిలిచారని చివర చిన్న అక్షరాల్లో ఉంది.

తెలుగులో ఏమనాలి మేడం అంది. ముఖస్తుతి అన్నాను. అది మొహం మీద చేసేది, ఇది జనం ముందు చేసేది కదా అంది. డాంబికం అన్నాను. నచ్చలేదు. కోతలు, సొల్లు, మస్కా... ఏదీ సరిగ్గా కూర్చోలేదు. ఇంటికి వచ్చి అమ్మకు చెప్పాను. మా అమ్మ శారదమ్మ నాలుగో తరగతి దాటలేదు. పీట మీద కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తూ విన్నది. "చెక్కలు కొట్టి చప్పుడు చేస్తరు అంటున్నవ్ గదా. గదే చెక్కభజన. దానికి గింత పెద్ద బుక్కెందుకు బిడ్డా" అంది.

నాలుగు రోజుల తర్వాత మొదటిసారి నవ్వాను. లేదు, రెండు రోజులే. నాలుగనిపించింది.

ఆగస్టు 1, శుక్రవారం

రామ్‌చందర్ అన్న ఇంటికి వెళ్లాను. కడిగేద్దామనే వెళ్లాను.

మనిషిని దూరం నుంచి చూసి అనుకోకూడదు. గేటు దాకా ఎదురొచ్చాడు. తనే కుర్చీ వేశాడు. ఇంట్లో చిలికిన లస్సీ, పైన వేలెడు మీగడ. నేను నోరు తెరిచేలోపే "ఈ సంఘంల సదువు అంటే నువ్వే చెల్లె. నువ్వు లేకపోతే మేమంత బర్ల కాడ బర్లమే" అన్నాడు. నా పద్దెనిమిదేళ్ల సేవ గురించి ఎంత బాగా చెప్పాడు! ఎవరెవరి పిల్లలు ఏయే ఉద్యోగాల్లో చేరారో పేర్లతో సహా చెప్పాడు. వాళ్ల అమ్మ నాగమణమ్మను పిలిచి, ఈమెనే సుశీల, మన సరస్వతి అని చూపించాడు. ఎనభై దాటిన మనిషి, నా తల మీద చెయ్యి పెట్టింది. నీ మాట నేనెప్పుడన్న తీసేసిన్నా, పిల్లల ఫికర్ నీ ఒక్కదానికే ఉన్నదా అని కూడా అన్నాడు.

అంత పెద్దమనిషి అంత మర్యాద చేస్తే ఇంక ఏం అడుగుతాం? గది ఎక్కడికీ పోదు. నోటీసు వైకుంఠం తొందరపాటు అయి ఉంటుంది.

ఆగస్టు 2, శనివారం

పిల్లలందరికీ తలో జిలేబీ పంచాను. ప్రెసిడెంటు గారితో మాట్లాడాను, ఫికర్ లేదు అని చెప్పాను. అందరూ నవ్వారు. ఆశ్రిత మాత్రం "గది ఉంచుతా అన్నడా మేడం? గా మాటనే అన్నడా?" అని అడిగింది. పుస్తకం చూసుకో అని కసిరాను.

ఆగస్టు 4, సోమవారం

టేపు పట్టుకుని ఒక మనిషి వచ్చాడు. పిల్లలు చదువుతుండగానే గోడలు కొలిచాడు. అల్మారాలు ఎప్పుడు తీస్తారమ్మా అని నన్నే అడిగాడు. డీజే బాక్సులు ఆ మూలకు వస్తాయట.

కిందికి పరుగెత్తి వైకుంఠాన్ని పట్టుకున్నాను. వాడికి నా కోపం అర్థం కాలేదు. "నువ్వు ఒప్పుకున్నవని అన్న చెప్పిండు గదక్కా. పుస్తకాలు మెట్ల కింద పెట్టుకుంటరంట. పిల్లలు సదువుకోవాలంటే అఫ్జల్‌గంజ్ల పెద్ద లైబ్రరీ ఉండనే ఉన్నది" అన్నాడు. ఎనిమిది దాటాక అక్కడి నుంచి ఆటోలో ఒక్కర్తినీ రానిచ్చే తండ్రి ఈ గల్లీలో ఒక్కడున్నాడేమో చూపించమన్నాను. వాడు ఫోను చూసుకున్నాడు.

ఇంటికొచ్చి శుక్రవారం నాడు ఆయన అన్న మాటలన్నీ ఒక కాగితం మీద వరసగా రాశాను. సరస్వతి ఉంది. సేవ ఉంది. చెల్లె ఆరుసార్లు ఉంది. 'గది' అనే మాట ఒక్కసారి కూడా లేదు. నేను అడగనే లేదు, ఆయన ఇవ్వనే లేదు. డిక్షనరీలో చదివిన రెండో రోజే ఉచ్చులో కాలు పెట్టిన దాన్ని నేనే. పైగా జిలేబీలు పంచాను.

సిగ్గుతో చచ్చిపోతున్నాను. పిల్లలకు ఏం మొహం చూపించను?

ఆగస్టు 5

లస్సీ బాగుంది. అదే నా తప్పు.

ఆగస్టు 7, గురువారం

మధ్యాహ్నం ప్రెస్సుకు వైకుంఠం వచ్చాడు. రామ్‌చందర్ అన్న ప్రెసిడెంటై ఇరవై అయిదేళ్లయిందట. ఇరవై నాలుగో తారీఖు ఆదివారం పొద్దున పదకొండుకు కింద హాల్లో సన్మాన సభ. సన్మాన పత్రం కావాలి. పెద్ద సైజు, మఖ్మల్ అంచు, బంగారు అక్షరాలు.

నిరుడు కిరాణా సంఘం పెద్దమనిషికి కొట్టావు చూడు, అదే పేరు మార్చి కొట్టెయ్ అన్నాడు. అన్నకు చప్పట్లు మస్తుగ పడాలె అని వెళ్తూ వెళ్తూ ఇంకోసారి వెనక్కి వచ్చి చెప్పాడు.

సన్మాన పత్రాల సంగతి నాకు చెప్పాలా? ఈ కంప్యూటరు మీద ఇరవై రెండేళ్లలో వెయ్యికి పైనే కొట్టి ఉంటాను. పద్ధతి ఒకటే. అయిదు పేరాలు. ప్రతి పేరా మొదట్లో ఒక పిలుపు: కార్యదక్షా, దానశీలా, పరోపకార పరాయణా. చదివేవాడు పిలుపు దగ్గర గొంతెత్తి ఆగుతాడు, జనం చప్పట్లు కొడతారు. తర్వాత చేయని పనులు చేసినట్టు రెండు వాక్యాలు. అన్నార్తులకు అన్నం పెట్టారనీ, అనాథలకు నీడ ఇచ్చారనీ. అవి రాసేది కూడా నేనే. టైపు మాత్రమే చేస్తానని అందరితో చెప్పుకుంటాను గానీ, ప్రాస కుదిరితే ఆ పూటంతా నాకు ఆకలి వేయదు. ఈ ముక్క ఇక్కడ తప్ప ఎక్కడా ఒప్పుకోను.

రాయనని చెప్పేద్దామనుకున్నాను. ఓనరు చూస్తున్నాడు. ఆర్డరు తీసుకున్నాను.

ఆగస్టు 9, శనివారం

రాఖీ. ప్రెస్సుకు సెలవు. పొద్దున్నుంచి రామ్‌చందర్ పత్రం ముందేసుకుని కూర్చున్నాను. ఇంటికి తెచ్చుకున్న పాత ఫైలు నుంచి నాలుగు పేరాలు దించాను. గోసేవా ధురంధరాతో సహా పావుగంట పని.

అయిదో పేరా దగ్గర ఆగిపోయాను. వెయ్యి పత్రాల్లో చేయని పని చేసినట్టు రాశాను. ఇంతవరకు ఒక్కడు కూడా లేచి, నేను ఈ పని చేయలేదు అనలేదు. ఎవడంటాడు? శాలువా కప్పుకుని, మెడలో దండ వేసుకుని, తల కొంచెం వంచి నిలబడి వింటారు. చివర రెండు చేతులతో పత్రం అందుకుంటారు. అందుకున్నారంటే అందులో ఉన్నదంతా వాళ్లదే. ఇది సభ మర్యాద. ఈ మర్యాద ఎవరూ తప్పగా నేను చూడలేదు.

అయితే ఆయన చేయని పనుల్లో నాకు కావలసిందే ఎందుకు రాయకూడదు?

రాశాను. మిగతా నాలుగు పేరాల్లా గ్రాంథికంలో కాదు, పాలు పోసేవాడికి కూడా అర్థమయ్యేలా రాశాను. ఆయన తండ్రి పోచయ్య పేరు కూడా పెట్టాను. సైకిలు మీద పాలు అమ్మిన మనిషి. సంఘం భవనం పట్టా మీద ఆయన వేలిముద్రే ఉంది, ఆ పట్టా ఫోటో సంఘం కింది హాల్లో వేలాడుతోంది.

పెద్దగా చదివి అమ్మకు వినిపించాను. పట్టుబడితే ఏం చేస్తావని అడుగుతుందనుకున్నాను. అబద్ధమాడినా అతికినట్టుండాలె, ఇంకోసారి చదువు అంది. చదివాను. అతికింది అంది.

తప్పు చేస్తున్నానా? వెయ్యి అబద్ధాలు అచ్చు వేశాను, ఒక్కదాని గురించి కూడా నిద్ర పాడు చేసుకోలేదు. నిజం కావాలని కోరుకుంటూ రాసిన అబద్ధం ఇదొక్కటే.

ఆగస్టు 11, సోమవారం

ప్రూఫు తయారైంది. మా ప్రెస్సులో రూలు ఒకటుంది: పార్టీ, అంటే ఆర్డరిచ్చినవాళ్లు, చదివి సంతకం పెడితేనే అచ్చు. వైకుంఠం వచ్చాడు. చదువుకో వైకుంఠం అన్నాను. రెండుసార్లు అన్నాను, దేవుడు సాక్షి. "సదివేదేమున్నదక్కా, మంచిగనే రాసి ఉంటవు" అన్నాడు. అన్న ఫోటోలో మీసం నల్లగా వచ్చిందా లేదా చూశాడు. కింద తన పేరులో సున్నా ఉందా లేదా చూశాడు. సంతకం పెట్టాడు.

ఫికర్ లేదు.

ఆగస్టు 13

ఫికర్ లేదని పొద్దున కూడా అనుకున్నాను.

ఆగస్టు 16, శనివారం

ఉద్యోగం పోతుంది. పార్టీకి ద్రోహం చేసిన ప్రెస్సు అని ఛత్తాబజారంతా చెప్పుకుంటారు. నలభై ఎనిమిదేళ్ల వయసులో ఎవడిస్తాడు పని? ఇంట్లో అమ్మ మందులు. సంఘం వాళ్లు గది అయితే ఒకటో తారీఖు దాకా ఉండనిచ్చేవాళ్లు, ఇప్పుడు సభ మర్నాడే తాళం మారుస్తారు. పిల్లల చివరి వారం కూడా నా వల్లే పోతుంది.

పిల్లల కోసమే చేస్తున్నానని రాయబోయాను. నిజమే, పిల్లల కోసమే. కానీ ఆ గదిలో అడుగు పెడితేనే నన్ను మేడం అంటారు. ప్రెస్సులో ఏయ్ సుశీలా అంటారు, ఇంట్లో బిడ్డా అంటారు, బస్సులో జరుగమ్మా అంటారు. ఆ మూడు గంటలు లేకపోతే నేనేంటో నాకు తెలియదు. ఇది కూడా రాసి పెట్టుకోవాలి.

ఆగస్టు 19, మంగళవారం

ఫ్రేము కొట్టు దాకా వెళ్లాను. ఆ పత్రం వెనక్కి తీసుకుని అయిదో పేరా మార్చేద్దామని. అప్పటికే మఖ్మల్ అంచు కట్టేసి గోడకు ఆనించి పెట్టాడు. అద్దంలోంచి బంగారు అక్షరాల్లో 'పోచయ్య గారి చదువుల గది' అని కనబడింది. చూస్తూ నిలబడ్డాను. ఏం కావాలమ్మా అన్నాడు కొట్టతను. ఏం లేదు, మంచిగా కట్టావు అని చెప్పి వచ్చేశాను.

ఆగస్టు 22

ఆశ్రితకు చెప్పాను. ఆదివారం పిల్లలందరినీ వాళ్ల అమ్మలతో సహా సభకు తీసుకురా అన్నాను. ఎందుకని అడగలేదు. ఎంతమందిని తేవాలి మేడం అని మాత్రం అడిగింది.

ఆగస్టు 24, ఆదివారం

మొదటి నుంచి రాయాలి. ఒక్క ముక్క కూడా పోనివ్వను.

హాలు నిండిపోయింది. కుర్చీలు చాలక గోడల పొడుగునా నిలబడ్డారు. పాల సంఘం సభ్యులు, వాళ్ల ఇళ్లవాళ్లు, వెనక నాలుగు వరసలు మా పిల్లలూ వాళ్ల అమ్మలూ. ముందు వరసలో మధ్యన నాగమణమ్మ, చేతికర్ర ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నేను చెప్పుల దగ్గర, గుమ్మం పక్కన నిలబడ్డాను. పారిపోవడానికి దగ్గర.

శాలువాలు పన్నెండు పడ్డాయి. దండలో రామ్‌చందర్ గడ్డం మునిగిపోయింది. వైకుంఠం మైకు అందుకున్నాడు. వాడి గొంతు మంచిది, అర్థం తెలియకపోయినా ఘంటలా మోగిస్తాడు. కార్యదక్షా అన్నాడు, చప్పట్లు. గోసేవా ధురంధరా అన్నాడు, ఇంకా ఎక్కువ చప్పట్లు. అన్నార్త బాంధవా అన్నప్పుడు ఎవరో ఈల వేశారు. రామ్‌చందర్ తల కొంచెం వంచి, కళ్లు సగం మూసి నిలబడ్డాడు. నాలుగో పేరా ఏం చెప్పిందో ఆ హాల్లో ఎవరికీ తెలియదు, రాసిన నాకు తప్ప. దానికీ కొట్టారు.

"విద్యాదాతా!"

చప్పట్లు. వైకుంఠం ఊపు మీద ఉన్నాడు.

"మీ తండ్రి పోచయ్య గారు వేలిముద్ర వేసి కట్టిన భవనం ఇది. ఆ వేలిముద్ర కష్టం మన ఇళ్లల్లో ఇంకో పిల్లకు రాకూడదని, పైఅంతస్తు గదిని ఆయన పేరు మీద ఆడపిల్లల చదువుకు శాశ్వతంగా ఇచ్చేశారు. పార్టీలకు..."

అక్కడ ఆగాడు వాడు. అప్పటికి బుర్రకెక్కింది. ఒకసారి పత్రం వైపు, ఒకసారి రామ్‌చందర్ వైపు చూశాడు. రామ్‌చందర్ కళ్లు పూర్తిగా తెరుచుకున్నాయి. జనం కుర్చీల్లో ముందుకు వంగారు. ఎందుకంటే ఇంతసేపటికి మొదటిసారి వాళ్లకు అర్థమైంది. వెనక నుంచి ఒక ముసలాయన, సదువు వైకుంఠం, ఆగినవేంది అన్నాడు.

వాడు చదివాడు. ఏం చేస్తాడు, మైకు చేతిలో ఉంది, అచ్చు ఎదురుగా ఉంది. "పార్టీలకు, ఫంక్షన్లకు ఎవరు ఎంత అడిగినా ఆ తలుపు తెరవనన్నారు. ఆ గది ఇకపై పోచయ్య గారి చదువుల గది. ఇంతమంది ముందు మీరిచ్చిన ఈ మాటకు మేమంతా సాక్షులం."

చప్పట్లు పడలేదు.

ఒక్క చప్పట కూడా పడలేదు. అయిపోయింది, నా పని అయిపోయింది అనుకుని చెప్పుల్లో కాలు పెట్టాను. అప్పుడు నాగమణమ్మ కర్ర ఆనించి లేచింది. లేచేసరికి కొంత సేపు పట్టింది. ఆవిడ ఏడుస్తోంది. మైకు లేకపోయినా హాలంతా వినబడింది.

"చందూ, బాపు పేరు మీద గింత మంచి పని చేసి, నాకొక్క మాట చెప్పలేదేందిరా."

దాని తర్వాత ఏమైందో వరసగా రాయలేను. మా పిల్లల అమ్మలు ముందు చప్పట్లు మొదలుపెట్టారు. తర్వాత గోడల పక్కనున్నవాళ్లు. తర్వాత కుర్చీల్లో ఉన్నవాళ్లు లేచి నిలబడి కొట్టారు. మొదట్లో నేను లెక్కపెట్టబోయాను, వీల్లేకపోయింది. పోచయ్య తాతను ఎరిగిన ముసలివాళ్లు స్టేజీ ఎక్కి రామ్‌చందర్‌ను కావలించుకుంటున్నారు. ఆయన వాళ్ల భుజాల మీదుగా హాలంతా వెతికాడు. గుమ్మం దగ్గర నేను దొరికాను. కొంతసేపు అట్లాగే చూశాడు. ఆ చూపులో ఏముందో నాకు ఇప్పటికీ తెలియదు. నేనూ కళ్లు దించలేదు.

మైకు అందుకున్నాడు. సన్మానం అందుకున్నవాళ్లు ఎప్పుడూ చెప్పేదే చెబుతాడని నాకు తెలుసు. నేను చేసింది గోరంత అంటాడు, అంటే ఒప్పుకున్నట్టే. అదే మొదలుపెట్టాడు. నేను చేసింది ఏమంత పెద్దది కాదు, మీరంత పెద్దది చేసిండ్రు అన్నాడు. తర్వాత ఎందుకో ఆగి, వాళ్ల అమ్మ వైపు తిరిగాడు.

"అమ్మ ముంగట చెప్తున్న. గా గది బాపుదే."

పత్రం రెండు చేతులతో అందుకున్నాడు.

గెలిచాను. ఇంకోసారి రాస్తాను, ఎవరు చూడొచ్చారు: గెలిచాను! పిల్లలు నన్ను గుమ్మంలోనే చుట్టేశారు. ఆశ్రిత ఏడుస్తూ నవ్వుతూ ఏదో అంటోంది, నాకొక్క ముక్క వినబడలేదు. ఇంటికి వచ్చి అమ్మకు రెండుసార్లు చెప్పాను. రెండోసారి నేను నాగమణమ్మలా కర్ర పట్టుకుని లేచి మరీ చూపించాను. అమ్మ పులిహోర కలిపింది. మూడుసార్లు పెట్టించుకుని తిన్నాను.

ఉద్యోగం పోతే పోనీ.

ఆగస్టు 25, సోమవారం

తలుపు మీద నోటీసు లేదు. ఎవరు చింపారో తెలియదు. నేను మాత్రం కాదు.

వైకుంఠం నన్ను చూసి ఇంకో వైపు నుంచి వెళ్లిపోయాడు. ప్రెస్సుకు ఎవరూ రాలేదు, ఫోనూ రాలేదు. ఓనరు చవితి చందా రసీదుల హడావుడిలో ఉన్నాడు. ఇంకా ఏమీ వినలేదు కాబోలు.

ఆగస్టు 26, మంగళవారం

ఏడింటికి మెట్ల మీద బరువైన అడుగుల చప్పుడు. పిల్లలు తలలెత్తారు. రామ్‌చందర్. చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చాడు. సంఘానికి ఇరవై అయిదేళ్లు ప్రెసిడెంటు, ఈ గదిలోకి రావడం నాకు తెలిసి ఇదే మొదటిసారి. పిల్లలు లేచి నిలబడితే కూర్చోమన్నాడు. అల్మారాలు చూశాడు, ఇష్టం వచ్చినట్టు తిరిగే ఫ్యాను చూశాడు. ఒక బల్ల చివర పిల్లల పక్కనే కూర్చున్నాడు.

నేను అన్నిటికీ సిద్ధపడి ఉన్నాను. తాళంచెవి కొంగు ముడి విప్పి చేతిలో పట్టుకున్నాను కూడా.

"నువ్వు నన్ను మోసం చేసినవ్ చెల్లె."

"చేసిన అన్నా."

"నేను గూడ నిన్ను చేసిన. లస్సీ తాపి పంపిచ్చిన." చేతులు చూసుకున్నాడు. తర్వాత మెల్లగా, నా ఒక్కదానికి చెప్తున్నట్టు అన్నాడు. "ఇరవై అయిదేండ్ల సంది చప్పట్లు కొట్టిచ్చుకున్న. ఒక్కదానికి గూడ మా అమ్మ లేచి నిలబడలే."

మంచినీళ్లు కావాలా అన్నా అన్నాను. వద్దన్నాడు. లేచి గుమ్మం దాకా వెళ్లి, వెనక్కి తిరిగాడు.

"వచ్చే యేడు పత్రంల ఏం రాస్తవో ఇప్పుడే చెప్పు. ఈపాలి నేనే ముందుగాల చేసి పెడ్త."

ముప్పై నలుగురు పిల్లలు నన్నే చూస్తున్నారు. ఆరింటి నుంచి తొమ్మిదింటి దాకా నీళ్లు తాగకుండా, బిగబట్టుకుని చదివే పిల్లలు. పద్దెనిమిదేళ్లుగా ఏ సభలోనూ ఎవరూ అడగని మాట అది, నేను కూడా అడగలేదు.

"బాత్రూము" అన్నాను.

ఆయన జేబులోంచి పెన్ను తీసి అరచేతిలో రాసుకున్నాడు.